గంట ప్రయాణంలో ఎగిరేదెంతసేపు?

హనుమాన్ జంక్షన్‌కు సుమారు 20 కిలోమీటర్లలో గన్నవరం విమానాశ్రయం ఉంది. అక్కడి నుంచి హైదరాబాద్ విమానాశ్రయమున్న శంషాబాద్‌కు ఆకాశమార్గాన దాదాపు 265 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్ విమానానికి అరగంట కాస్త దాటితే చాలు కదా! మరి టికెట్ మీద గంటకు పైగా ఎందుకుంటుంది?

ఆ లెక్క ఇక్కడ చక్రాలు కదిలినప్పుడు మొదలై, అక్కడ ఆగేదాకా సాగుతుంది. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లాలి, పైకెక్కాలి, దిగేముందు వేగం తగ్గించుకోవాలి, ఒక్కోసారి వంతు కోసం ఆగాలి.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది గాలి సంగతి. విమానం వీలైనంతవరకు గాలికి ఎదురుగానే లేస్తుంది. అలాగైతే రెక్కల మీదుగా గాలి జోరుగా పారి, తక్కువ పరుగుతోనే పైకి లేవగలదు. గన్నవరం రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. తూర్పుగాలి వీస్తుంటే విమానం మన జంక్షన్ ఉన్న దిక్కుకే లేచి, తర్వాత హైదరాబాద్ కోసం పడమరకు మళ్లాలి. అక్కడా కొన్ని నిమిషాలు పోతాయి.

ఈసారి విమానం లేస్తూ కనబడితే, గాలి ఎటునుంచి వీస్తోందో గమనించండి.