పాత బిళ్ళకు కొత్త మెరుపా... ఒక్క క్షణం ఆగండి!

తొలకరి పడిందంటే చాలు, మద్దికెర, తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో జనం చూపులన్నీ నేలమీదే. వాన కడిగిన మట్టిలో వజ్రాలు తేలతాయని ఊళ్ళోవాళ్ళే కాదు, పొరుగు జిల్లాల నుంచి కూడా సద్దిమూట కట్టుకుని వచ్చేస్తారు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ వంగి వంగి వెతుకుతారు. అందరికీ వజ్రం దొరుకుతుందా? చాలామందికి దొరికేది గాజుపెంకో, మెరుగురాయో. ఒక్కోసారి మట్టి అంటుకుపోయిన పచ్చటి బిళ్ళ ఒకటి.

"యాడ దొరికెనే అది?"

"చేన్లో అత్తా. రాగిబిళ్ళ మాదిరుండాది."

"ఇంత చింతపండేసి తోము. తళతళలాడ్తాది!"

సరిగ్గా ఇక్కడే ఎన్నో నాణేల కథ ముగిసిపోతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. చిన్నప్పుడు మా జేజి ట్రంకుపెట్టెలో నల్లగా, మందంగా ఉన్న రాగి నాణెం ఒకటి దొరికింది. దానిమీద ఏవో అక్షరాలు లీలగా కనిపిస్తున్నాయి. బాగా కనబడతాయని చింతపండు, ఇటుకపొడి కలిపి అరగంటసేపు తోమాను. నాణెం కొత్త చెంబులా మెరిసింది. అక్షరాలు మాత్రం పోయాయి. అది ఏ రాజుదో, ఏ కాలానిదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. దేవుడి గూట్లో ఉత్త రాగిరేకులా పడి ఉంది.

ఆ పచ్చదనం ఏమిటి?

రాగి నాణెం ఏళ్ళ తరబడి మట్టిలో ఉంటే తేమ, గాలి, నేలలోని ఉప్పులు కలిసి పైపొరను తినేస్తాయి. ఆకుపచ్చగా, ముదురు గోధుమరంగులో గట్టి పొర ఏర్పడుతుంది. మనం దాన్ని చిలుము అంటాం. కానీ ఆ పొర ఒట్టి మురికి కాదు. నాణెం లోహమే అలా మారిపోయింది. బాగా పాతబడిన నాణేల్లో బొమ్మ, అక్షరాలు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. లోపలి రాగి ఎప్పుడో గుల్లబారిపోయి ఉంటుంది. పొరను లాగేస్తే బొమ్మ కూడా దాంతోనే పోతుంది.

చింతపండులోని పులుపు చిలుమునే కాదు, రాగినీ కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. వంటింటి రాగిబిందెకు అది నష్టం కాదు. దాని మీద చదవాల్సిన చరిత్ర ఏమీ లేదు కదా!

కరెంటుతో శుభ్రం చేయొచ్చట... నిజమేనా?

నిజమే. పదో తరగతి పిల్లల పుస్తకంలో విద్యుద్విశ్లేషణ అని ఉండే పాఠమే ఇది. చిలకలపూడి కవరింగు నగల గురించి వినని ఆడవాళ్ళు ఉండరు. నగకు బంగారు పూత వేసేటప్పుడు దాన్ని ద్రావణంలో ముంచి రుణ ధ్రువానికి, అంటే మైనస్ తీగకు తగిలిస్తారు. కరెంటు పారుతుంటే లోహం వచ్చి నగమీద కూర్చుంటుంది. నాణెం శుభ్రం చేయడంలోనూ నాణేన్ని మైనస్ తీగకే తగిలిస్తారు. ఇక్కడ పూతకు బదులు నాణెం ఒంటినిండా సన్నటి హైడ్రోజన్ బుడగలు పుడతాయి. చిలుములో కొంత తిరిగి లోహంగా మారుతుంది, మిగతాది బుడగల తోపుడుకు వదులై ఊడిపోతుంది.

ఇది నిన్నమొన్నటి చిట్కా కాదు. బెర్లిన్ మ్యూజియాల్లో 1888లో ప్రయోగశాల పెట్టిన రాట్‌గెన్ అనే రసాయన శాస్త్రవేత్త పాత కంచు వస్తువులకు ఈ పద్ధతి వాడాడు. మన పక్కనే మద్రాసు మ్యూజియంలో 1930లో రసాయన ప్రయోగశాల మొదలైంది. చిలుము పట్టి పాడవుతున్న కంచు విగ్రహాలను కాపాడేందుకు ఎస్. పరమశివన్ అక్కడ ఈ పద్ధతినే ఉపయోగించారు. అప్పటికి మన కర్నూలు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే.

అయితే ఒక్క సంగతి. అది చేసింది ఏళ్ళ అనుభవం ఉన్న నిపుణులు. ఇవాళ మ్యూజియాల వాళ్ళు కూడా నాణేల విషయంలో ఈ పద్ధతికి తొందరపడరు. భూతద్దం కింద పుల్లతో, సూదితో ఓపిగ్గా మట్టి తీయడానికే మొగ్గు చూపుతారు. కరెంటు పెట్టాక పోయిన పొరను మళ్ళీ తేలేం గనుక.

మరి ఎలాంటి వాటికి చేయొచ్చు?

పోయినా బెంగలేని నాణేలకు. ఇంట్లో చిల్లరడబ్బాలో నల్లబడ్డ పాత కంచు నయాపైసలు, 1943 నుంచి 1947 దాకా వచ్చిన మధ్యలో చిల్లున్న కాణీలు గుప్పెడేసి ఉన్నవాళ్ళు ఒకటి రెండింటిమీద చేసి చూడొచ్చు. పిల్లలకు సెలవుల్లో మంచి సైన్సు పాఠం కూడా.

కావలసినవి: గాజు గ్లాసు ఒకటి, టార్చిలైటు సెల్లులు నాలుగు (వరసగా కలిపితే 6 వోల్టులు వస్తాయి), రెండు వైరు ముక్కలు, చివర కరిచిపట్టే క్లిప్పులు, పెద్ద ఇనుప మేకు ఒకటి, బట్టల సోడా ఒక చెంచా, పాత మెత్తటి టూత్‌బ్రష్షు, బండ్ల బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు.

మొదట నాణేన్ని డిస్టిల్డ్ వాటర్లో ఒక రోజంతా నానబెట్టండి. ఒట్టి మట్టి అయితే దీంతోనే పోతుంది. మీ పని అక్కడితో అయిపోయిందనుకోండి!

పోకపోతే గ్లాసులో నీళ్ళు పోసి సోడా కరిగించండి. మైనస్ వైపు వైరుకు నాణేన్ని, ప్లస్ వైపు వైరుకు ఇనుప మేకును తగిలించి రెండింటినీ నీళ్ళలో ఎదురెదురుగా ఉంచండి. అవి ఒకదానికొకటి తగలకూడదు. మేకును పట్టుకున్న క్లిప్పు నీళ్ళలో మునగకూడదు. నాణెం మీద బుడగలు లేస్తుంటే కనెక్షను సరిగ్గా ఉన్నట్టే.

రెండు మూడు నిమిషాలకు ఆపేయండి. వైరు తీసేసి, నాణేన్ని పంపు కింద కడిగి, బ్రష్షుతో మెల్లగా రుద్ది వెలుతురులో చూడండి. అవసరమైతే మళ్ళీ పెట్టండి. పొయ్యిమీద పాలు పెట్టినట్టు దగ్గరే ఉండి చూసుకోవాల్సిన పని ఇది. పెట్టేసి టీవీ ముందు కూర్చుంటే అరగంట తర్వాత గుంటలు పడ్డ బిళ్ళే మిగులుతుంది. శుభ్రమయ్యాక నాణెం గులాబీరంగులో వింతగా కనిపించొచ్చు. అది చిలుములోంచి తిరిగి వచ్చిన రాగి, కంగారు పడకండి.

చివరగా డిస్టిల్డ్ వాటర్లో రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ ఉంచి, పొడిబట్టతో ఒత్తి, బాగా ఆరనిచ్చి దాచండి. తడి మిగిలితే చిలుము మళ్ళీ మొదలవుతుంది. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే నాణేనికి రోగం పట్టినట్టే. దాన్ని మిగతా వాటితో కలపకండి.

ఇవి మాత్రం వద్దు

వైర్లు తారుమారు చేయకండి. నాణెం ప్లస్ వైపుకు వెళితే చిలుము కాదు, నాణెమే కరిగిపోతుంది.

సోడాకు బదులు ఉప్పు వేయకండి. ఉప్పునీళ్ళలో కరెంటు పారితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఆ ఉప్పు నాణెంలో దిగి తర్వాత చిలుమును పెంచుతుంది కూడా.

మేకు బదులు స్టీలు చెంచా పెట్టకండి. స్టీలులోని క్రోమియం విషపూరితంగా మారి నీళ్ళలో కలుస్తుంది.

గోడ ప్లగ్గులోని కరెంటు జోలికి అసలే వెళ్ళకండి. ఏ పరిస్థితుల్లోనూ!

వంటింట్లో, మండే పొయ్యి దగ్గర చేయకండి. హైడ్రోజన్ మండే వాయువు. కిటికీలు తీసి ఉంచండి. ఆ గ్లాసును మళ్ళీ తాగడానికి వాడొద్దు. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్ళు పక్కన ఉండాల్సిందే.

పాత అయిదు, పది, ఇరవై పైసల అల్యూమినియం బిళ్ళలను సోడానీళ్ళలో వేయకండి. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. సీసం నాణేలనూ ముట్టుకోకండి. బూడిదరంగులో, చిన్నగా ఉన్నా బరువుగా, మెత్తగా ఉంటే అది సీసం కావచ్చు. శాతవాహనుల కాలంలో సీసపు నాణేలు చాలా వేశారు. రెండు వేల ఏళ్ళ నాటిదాన్ని గ్లాసులో వేసి బుడగలు చూడటం తగునా?

వెండికి వేరే దారి

వెండి పట్టీలు, కుంకుమభరిణె నల్లబడితే బ్యాటరీ అక్కర్లేదు. గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండి వస్తువు దానికి తగిలేలా ఉంచి, చెంచాడు వంటసోడా వేసి వేడినీళ్ళు పోయండి. కాసేపటికి నలుపు తగ్గుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన కొద్దిగా వస్తే భయపడకండి. వెండిమీద నలుపుగా ఉన్న గంధకమే అలా బయటికి పోతోంది. ఇక్కడ జరిగేదీ విద్యుత్తు పనే. వెండికీ అల్యూమినియానికీ మధ్య కంటికి కనబడని చిన్న బ్యాటరీ తయారవుతుంది. రాళ్ళు పొదిగినవి, కావాలనే నలుపు పూత వేసినవి మాత్రం ఇందులో వేయొద్దు.

తాతలనాటి వెండి రూపాయలకు ఇదీ వద్దు. 1835 నుంచి 1939 దాకా మన రూపాయిలో నూటికి 91 పాళ్ళకు పైగా వెండే. 1940 నుంచి సగానికి తగ్గించారు. 1947 నాటికి రూపాయిలో వెండే లేదు. నాణేలు సేకరించేవాళ్ళు ఆ రూపాయలను నల్లబడిన సహజమైన రంగుతోనే ఇష్టపడతారు. తోమి మెరిపించిన రూపాయికి వాళ్ళు ఇచ్చే ధర పడిపోతుంది. తళతళలాడితే విలువ పెరుగుతుందన్నది మన భ్రమ!

చేలో దొరికితే?

మద్దికెర దసరా గుర్రాల పారువేటకు ఎంత పేరుందో, ఆ చుట్టుపక్కల నేలకు అంతకన్నా పాత కథలున్నాయి. పత్తికొండ, గుత్తి దారిలోని ఎర్రగుడి బండలమీద అశోకుడి శాసనాలున్నాయి. రెండు వేల రెండువందల ఏళ్ళకు పైబడిన ఆ రాతలు 1929లో గానీ పండితుల దృష్టికి రాలేదు. విజయనగర రాజులు, నవాబులు, టిప్పు సుల్తాను, నిజాము, ఇంగ్లీషు కంపెనీ... ఇంతమంది చేతులు మారిన సీమ మనది. టిప్పు రాగి పైసల మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం కంపెనీ వేయించిన కొన్ని రాగి నాణేలమీద తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. మీ చేతిలోని పచ్చబిళ్ళ వీటిలో ఏదైనా కావచ్చు. ఎవరిదో తెలిసేది ఆ అరిగిన అక్షరాలను బట్టే.

అందుకే చేలో దొరికిన నాణేన్ని ముందు తోమకండి. దొరికినట్టే కాగితంలో చుట్టి, ఏ చేలో, ఏ తేదీన, ఎంత లోతులో దొరికిందో చీటీ రాసి పెట్టండి. రెండువైపులా ఫోటో తీయండి. మ్యూజియం వాళ్ళకు నాణెం ఎంత ముఖ్యమో, ఆ చీటీ అంత ముఖ్యం.

చట్టం సంగతీ తెలుసుకోండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి దొరికిన సొమ్ము విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. "చెబితే గుంజుకుంటారు" అన్న భయంతోనే చాలామంది దాచేస్తారు. రాత్రికి రాత్రి కంసాలి కొలిమిలో కరిగించేవాళ్ళూ ఉన్నారు. కానీ హక్కుదారులెవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు అని ఆ చట్టమే చెబుతోంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. దాచిపెట్టి దొరికిపోతేనే వాటా పోతుంది, శిక్షా పడొచ్చు. కూలికి వెళ్ళిన చేలో దొరికినా మీ వాటా మీకుందన్నమాట. ఈ మాట మన ఆడకూలీలకు ఎవరు చెబుతారు? మనమే చెప్పాలి.

మా జేజి నాణెం ఇప్పటికీ దేవుడి గూట్లోనే ఉంది. పండగకు ఇత్తడి సామాన్లు తోమేటప్పుడు దాన్ని మాత్రం పక్కన పెడతాను. అక్షరాలు తిరిగి రావు. కనీసం ఉన్న గీతలైనా మిగలాలని.

ఇల్లాలికి మెరుపంటే ఇష్టమే. చెంబుకి, పళ్ళానికి, గడప మీది ఇత్తడి రేకుకి ఎంతైనా మెరుపు పెట్టండి. నాణెం దొరికితే మాత్రం చింతపండు గిన్నె పక్కకు జరిపి, ముందు భూతద్దం తీసుకోండి.