ఉప్పుగాలికి నిలిచే సలహా

ఇంటి మరమ్మతు అనగానే సలహా చెప్పేవాళ్లకు కొదవుండదు. ఎవరి మాట వినాలన్నదే చిక్కు. అలలు గుమ్మం దాకా వచ్చే ఉప్పాడలో ఆ చిక్కు విప్పుకోవడం ఎలాగో నేర్చుకోవచ్చు.

తుఫాను దాటిన మర్నాడు పొద్దున్నే ఉప్పాడ ఒడ్డుకు వెళ్తే ఆడా మగా, పిల్లా పెద్దా తడి ఇసుకలో వంగి కూర్చుని కనిపిస్తారు. కొందరు దువ్వెనలతో గీస్తుంటారు, కొందరు పుల్లలతో కెలుకుతుంటారు. బంగారం కోసం. దొరికితే ఓ పూస, లేకపోతే తెగిన ముక్క. ఒకప్పుడు ఒడ్డున ఉన్న ఇళ్లూ గుళ్లూ సముద్రంలో కలిసిపోయాయనీ, ఆ రవ్వలు వాటివేననీ ఊళ్లో చెబుతారు. ద్వారబంధం ఎత్తేటప్పుడు గడప కింద పంచలోహాలు, వాటిలో పిసరంత బంగారం, వేసే ఆచారం మనకుంది కదా! ఎవరింటి గడప కింది బంగారమో ఎవరి దువ్వెనకో చిక్కుతుంది.

కాకినాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ఈ ఊరు జాందానీ చీరలకు ఎంత పేరుపడిందో తీరం కోతకూ అంతే పేరుపడింది. రాళ్లు పోశారు, జియో ట్యూబులు వేశారు. బీచ్ రోడ్డును ఎన్నిసార్లు బాగుచేశారో లెక్కలేదు. ఇక్కడ ఇంటి మరమ్మతంటే పెళ్లికో పండక్కో పెట్టుకునే పని కాదు, ఏటా వానలు వెనక్కి తగ్గాక మొదలయ్యే పని. తప్పు సలహా విన్నవాడికి ఆ సంగతి మళ్లీ వానాకాలం వచ్చేసరికి తెలిసిపోతుంది. నాకూ అలాగే తెలిసింది.

రాలిపడిన పెచ్చు

మగ్గాల వీధిలో మా నాన్న కట్టిన ఇల్లుంది. వరండా స్లాబు కింద సన్నటి బీటలు, వాటి వెంట తుప్పు చారలు కనబడుతుంటే ఒక తాపీ మేస్త్రీని పిలిచాను. కింద నిలబడి పైకి చూశాడు. “రెండు బస్తాల పనండి. సాయంత్రానికల్లా అయిపోద్ది” అన్నాడు. అన్నట్టే వదులు పెచ్చులు గీకి, సిమెంటు మెత్తి, రంగేసి వెళ్లాడు. వరండా కొత్తింటిలా మెరిసింది. మరుసటి కార్తీకంలో అరచేయి మందాన పెచ్చు ఊడి పడింది. అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరు.

పెచ్చు ఊడినచోట చువ్వ పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది. సంగతంతా అక్కడే. ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటులోకి మెల్లగా దిగి చువ్వను చేరుతుంది. తుప్పు, తాను తిన్న ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. లోపల చోటు లేక కాంక్రీటును బయటికి తన్నేస్తుంది. తుప్పును లోపలే ఉంచి పైన సిమెంటు మెత్తడం చీము తీయకుండా కట్టు కట్టడం లాంటిది. వదులు కాంక్రీటును చువ్వ వెనక దాకా చెక్కేసి, ఇనుము తెల్లగా తేలేదాకా తుప్పు గీకి, తుప్పుపట్టకుండా పూత వేసి, ఆ తర్వాత పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చాలి. చువ్వ మరీ సన్నబడితే పక్కన కొత్తది కట్టాలి. అది సాయంత్రానికి తేలే పని కాదు.

కొత్తగా కట్టేవాళ్లకైతే మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 సంగతంతా ముందే చెప్పింది. సాధారణ వాతావరణంలో స్లాబు చువ్వను కప్పే కాంక్రీటు మందం, అంటే కవరు, 20 మిల్లీమీటర్లు చాలు. తీరప్రాంతంలో అది 45, సముద్రపు తుంపర పడేచోట 50. చువ్వల కింద పెట్టే బిళ్లలు ఎన్ని మిల్లీమీటర్లవో స్లాబు పోసే రోజు ఒక్కసారి స్కేలు పెట్టి చూసుకుంటే పాతికేళ్ల బెంగ తగ్గుతుంది. కలిపే నీళ్లు ఉప్పన అయినా, ఇసుక సముద్రపుది అయినా ఎంత కవరిచ్చినా లాభం లేదు. శత్రువును మనమే లోపల పెట్టి తలుపేసినట్టు.

ఆ మేస్త్రీకి పని రాదని అనను. ఆ మెత్తడమే నాలుగూళ్ల అవతల, గాలిలో ఉప్పు లేని చోట, చిన్న బీటకైతే నిలిచేదేమో. అతను నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు. అది నాకప్పుడు తట్టలేదు.

తలుపు తప్పు కాదు

రెండో మనిషి వడ్రంగి. డెబ్బయ్యేళ్లు దాటాయి. వయసులో ఉండగా తాళ్లరేవు వైపు పడవల పనిలో ఉన్నాడు. 1839 తుఫానుకు అక్కడి కోరంగి రేవు దెబ్బతిన్నా, ఆ చుట్టుపక్కల కొయ్య పడవలు కట్టే చెయ్యి మాత్రం నిలిచింది. పడవ వడ్రంగికి ఒక లాభముంది. అతని పని మంచిదో కాదో నీళ్లే చెబుతాయి, అదీ ఆ ఏడే.

వీధి తలుపు పట్టేస్తోందని పిలిచాను. అంతకు ముందు వానల్లో ఒకరు అంచు చిత్రిక పట్టి వెళ్లారు. వేసవికి వేలు దూరేంత సందు వచ్చింది, మళ్లీ వానలకు కింద పట్టేసింది. కొత్త ద్వారబంధం వేయించమని అడితిలో సలహా ఇచ్చారు.

“మేస్త్రీగారూ, మార్చేయమంటారా?”

ఆయన తలుపు వంక చూడనే లేదు. “గాలి ఎటేపు నుంచి కొడద్దండి ఇక్కడ?” అన్నాడు. చెప్పాను. “వాన జల్లు గడప మీద నిలబడద్దా, పోద్దా?” నిలబడుతుందన్నాను. “ఆయ్… అయితే తలుపు తప్పేం లేదండి. కిందికి చూడండి.”

చతికిలబడి ద్వారబంధం నిలువుకమ్మీని సుత్తి పిడితో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. టంగు టంగుమంటున్న చప్పుడు జానెడెత్తులో డొల్లగా మారింది. అక్కడ ఉలి కొన ఆనిస్తే చెక్క వెన్నలా దిగింది. పైన నలభయ్యేళ్ల టేకు చేవ రాయిలా ఉంది, పాదం మాత్రం పుచ్చింది. కోసిన చెరకు గడ మొన నీళ్లలో పెడితే ఎలా పీలుస్తుందో, కొయ్య కోసిన మొన కూడా అలాగే పీలుస్తుంది. గచ్చులో పాతుకున్న కమ్మీ ఏటా గడప మీది నీళ్లు తాగుతూ వచ్చింది. పాదం కుంగి బంధం ఒరిగింది. ఒరిగిన బంధంలో తలుపు పట్టేసింది.

పుచ్చిన భాగాన్ని ఏటవాలుగా కోశాడు. పాత దూలంలోంచి తీసిన చేవ ముక్కను అదే వాలుకు చెక్కి, సందు లేకుండా అతికి, కొయ్య మేకులు దిగ్గొట్టాడు. వాలు బయటివైపుకే ఉంచాడు, నీరు అతుకులోకి జారకుండా. పాదం మొనకు రెండు పూతలు వేసి, గచ్చుకు తగలకుండా కాస్త ఎత్తున ఆపాడు. ఇనుప మరలు తీసేసి ఇత్తడివి వేయించాడు. తలుపు అంచు మాత్రం ముట్టుకోలేదు. “వానాకాలంలో తలుపు బలుస్తదండి. అప్పుడు చిత్రిక పట్టకూడదు. మాఘంలో చూద్దాం.”

రోజున్నర కూలి. ద్వారబంధం మార్చివుంటే ఎంతయ్యేదో అడితి చీటీ ఇంకా నా దగ్గరే ఉంది.

డబ్బా మూతలో టోకెన్

సలహా ఎవరిదని చూసుకోవడంతో సరిపోదు, ఆ సలహా వల్ల ఎవరికి ఏం మిగులుతుందో కూడా చూసుకోవాలి. రంగు డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్లు ఉంటాయి. ప్లైవుడ్ షాపుల్లో వడ్రంగులకు కమీషన్ ఇవ్వడం రహస్యమేమీ కాదు. అందులో నేరమేమీ లేదు, వాళ్లూ బతకాలి. కానీ “ఈ కంపెనీదే కొనండి” అన్నప్పుడు అది అనుభవం చెప్పిన మాటో, టోకెన్ చెప్పిన మాటో తేల్చుకునే బాధ్యత మనదే. దానికి తేలికైన దారి, పని చెప్పేవాడినీ సామాను అమ్మేవాడినీ వేరుగా ఉంచుకోవడం. కూలి ఖాయం చేసుకోండి, సామాను మీరే కొనండి.

ఫోన్లో చూసే వీడియోలదీ ఇదే తంతు. చూపించే పని నిజమే కావచ్చు, కానీ అది ఏ ఊరి గాలికి చేసిన పనో అందులో ఉండదు. హైదరాబాద్‌లో పదేళ్లు నిలిచే మడతబందు ఉప్పాడలో రెండేళ్లకే గోధుమరంగు కన్నీరు కారుస్తుంది. స్టీలు అంటే అంతా ఒకటే స్టీలు కాదు. బజారులో ఎక్కువగా దొరికేది 304 రకం. మాలిబ్డినం కలిసిన 316 రకం సముద్రపు గాలికి ఇంకాస్త మెరుగ్గా తట్టుకుంటుంది. ప్లైవుడ్‌లోనూ అంతే. ఐఎస్ 303 మామూలు వాడుకకు, మెరైన్ ప్లై అని అమ్మేది ఐఎస్ 710 కింద ఉండాలి. దాన్ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. ఐఎస్ఐ ముద్ర కిందనున్న సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు అసలుదో కాదో తేలిపోతుంది. దుకాణంలో నిలబడి చేయగలిగిన పని అది.

ఒడ్డుకు దగ్గర ఇళ్లవాళ్లకు మరో మాట. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు పల్లెల్లో పోటు గీత నుంచి కొంతమేర కొత్త కట్టడాలను ఆపుతాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం ఊరి జనసాంద్రతను బట్టి అది 50 లేదా 200 మీటర్లు. అనుమతితో కట్టిన పాత ఇంటిని ఉన్న పునాది మేర దాటకుండా బాగుచేసుకోవచ్చు. గోడ జరిపే ముందే గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను కలవడం మంచిది. జరిపాక కలిస్తే ఆ మాటల తీరు వేరుగా ఉంటుంది.

ఇంట్లో మగ్గం ఉందా?

మా వీధిలో ఒకాయన నేల ఎత్తు పెంచి టైల్స్ వేద్దామనుకున్నాడు. వచ్చినవాళ్లంతా టైల్స్ రంగుల గురించే మాట్లాడారు. చివరికి ఒక ముసలి మేస్త్రీ అడిగాడు, “గుంట మగ్గం ఏం చేస్తారండి?” అని. జాందానీకి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, కాళ్లు గుంటలో ఉండాలి. వానల్లో ఆ గుంటలో నీరూరితే పని ఆగుతుంది. నేల పెంచితే గుంట లోతు మారుతుంది, మగ్గం మీద కప్పు ఎత్తు తగ్గుతుంది. ముందు కూర్చునేవాళ్లను కూర్చోబెట్టి కొలవాలి, తర్వాతే టైల్స్. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన చీర ఆ గుంట మీదే తయారవుతుంది. ఆ ఇంటికి టైల్స్ కన్నా గుంట ముఖ్యం. ఆ మాట అన్నది ఒక్కడే.

ఇప్పుడు నాకు పద్ధతి కుదిరింది. పని చెప్పే ముందు ఎదుటివాడు నన్ను ఏం అడుగుతాడో చూస్తాను. గాలి, నీరు, ఇంట్లో జరిగే పని, ఈ మూడూ అడగకుండా ధర చెప్పేవాడికి టీ ఇచ్చి పంపేస్తాను. తర్వాత నేను మూడు అడుగుతాను. ఇదే గాలిలో మీరు చేసిన పని ఎక్కడుంది, చూపిస్తారా? మీరు చేసినవాటిలో పాడైంది ఏది, ఎందుకు పాడైంది? వానలయ్యాక మళ్లీ వచ్చి చూస్తారా? రెండో ప్రశ్నకు “నా పని ఏదీ పాడవలేదండి” అనేవాడి కన్నా, “ఫలానా ఇంట్లో కిటికీ ఒంకరపోయిందండి, కొయ్య పచ్చిది” అని చెప్పేవాడే నాకు నచ్చుతాడు. స్లాబూ దూలాల విషయమైతే మేస్త్రీ మాటతో ఆగకుండా సివిల్ ఇంజనీరుకు చూపిస్తాను.

వానలు తగ్గాక ఒకరోజు వడ్రంగి మేస్త్రీ చేపలకని వచ్చి, సంచీ చేత్తోనే మా గుమ్మం దగ్గర ఆగాడు. చతికిలబడి అతుకు మీద బొటనవేలితో నొక్కాడు. పైనా కిందా తట్టాడు. తలుపు తెరిచి, వేసి, మళ్లీ తెరిచాడు.

“బాగుందా మేస్త్రీగారూ?” అన్నాను.

“ఇప్పుడే ఏం చెప్తామండి. ఇంకో వానాకాలం పోనీండి” అని సంచీ భుజానేసుకుని వెళ్లిపోయాడు.