మంత్రాలకు చింతకాయలు రాలేదెప్పుడంటే...

మంత్రాలకు చింతకాయలు రాలతాయా అని మన పెద్దవాళ్ళు ఎప్పుడో అడిగారు. రాలతాయట! కాకపోతే ఎన్ని రాలాలో, ఎవరు తప్పించుకోవాలో దానికో లెక్క ఉందట. ఈ సంగతి నాకు అమెరికాలో మా చెల్లెలింట్లో తెలిసింది.

చెల్లెలి కొడుకు తొమ్మిదో తరగతి. శనివారం వచ్చిందంటే నలుగురు స్నేహితులతో కింది గదిలో చేరతాడు. "ఫైర్‌బాల్ వేస్తున్నా!", "రాక్షసుడికి మంత్రం తగల్లేదు!" అని ఒకటే కేకలు. వాళ్ళ పుస్తకం తెరిస్తే కొమ్ముల భూతాల బొమ్మలు. చెల్లెలు బెంబేలెత్తిపోయి ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేసింది. నేనేం తక్కువ తిన్నానా? "ఇంటికెళ్ళగానే తాయెత్తు కట్టించి పంపుతానులే" అన్నాను.

రెండు రోజులు పిల్లవాడు సరిగా అన్నం తినలేదు. "ఈ బడికి వచ్చాక నాకు దొరికిన స్నేహితులు వాళ్ళే పెద్దమ్మా" అన్నాడు. నా మనసు కరిగింది. "సరే, ముందు నాకు నేర్పు. తర్వాత మీ అమ్మతో నేను మాట్లాడతా" అన్నాను.

ఏమిటీ ఆట?

పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేస్తే 1974లో వచ్చింది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు వీరుడు, మంత్రగాడు లాంటి వేషాలు వేసుకుని "నేనిది చేస్తా" అంటారు. అయిందో లేదో పాచికలు చెబుతాయి. అంతా నోటిమాట, కాగితం, పెన్సిలే. మనలాగే అక్కడి తల్లులూ భయపడ్డారు. ఇది చేతబడి నేర్పుతోందంటూ 1983లో ఒక సంఘం కూడా పెట్టుకున్నారు.

మంత్రానికి కూపన్లు

మా వాళ్ళు 2014లో వచ్చిన పుస్తకంతో ఆడతారు. మంత్రగాడు ఇష్టం వచ్చినన్ని మంత్రాలు వేసుకుంటూ పోవడానికి లేదు. అయిదో మెట్టుకు వచ్చినవాడికి రోజుకు చిన్న మంత్రాలకు 4, వాటిపై వాటికి 3, పెద్దవాటికి 2 అవకాశాలు. రేషన్ కూపన్లన్నమాట! పెద్ద కూపన్‌తో చిన్న మంత్రం వేయొచ్చు గానీ, చిన్న కూపన్‌తో పెద్దది వేయలేం. అయిపోతే ఎనిమిది గంటల విశ్రాంతి తర్వాతే మళ్ళీ వస్తాయి. కూపన్ అక్కర్లేని చిల్లర మంత్రాలు కొన్ని ఉంటాయి, వాటి బలం తక్కువ.

ఇంకొన్ని మంత్రాలకు మనసు అక్కడే పెట్టి కూర్చోవాలి. అలాంటివి ఒక్కసారి రెండు నడపలేరు. మధ్యలో దెబ్బ తగిలితే పట్టు తప్పిపోవచ్చు. పొయ్యిమీద పాలు పెట్టి తలుపు తీయడానికి పరిగెత్తినట్టే కదూ!

తప్పించుకునే పందెం

ఫైర్‌బాల్ అంటే నిప్పుల బంతి. ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేసి, వచ్చిన అంకెలన్నీ కూడితే అంత దెబ్బ. ఎదుటివాడికి మాత్రం తప్పించుకునే పందెం ఒకటి ఉంటుంది. దీన్ని సేవింగ్ త్రో అంటారు.

మంత్రగాడి అంకె 15 అనుకోండి. అంటే మూలం 8, అనుభవానికి 3, తెలివికి 4. ఎదుటివాడు ఇరవై ముఖాల పాచిక వేసి, తన చురుకుదనానికి 2 కలుపుకుంటాడు. 15 దాటాలని లేదు, అందుకుంటే చాలు, దెబ్బ సగమే. అంటే పాచిక మీద 13 గానీ పైన గానీ పడాలి. నూటికి 40 వంతుల అవకాశం.

మంత్ర నిరోధం

కొన్ని జీవులకు పుట్టుకతోనే మంత్ర నిరోధం ఉంటుంది. అవి రెండు పాచికలు వేసి, పెద్ద అంకె తీసుకుంటాయి. అప్పుడు అవకాశం నూటికి 64 అవుతుంది. మరి మంత్రగాడేం చేయాలి? అసలు ఆ పందెమే అడగని మంత్రం చూసుకోవాలి. మ్యాజిక్ మిస్సైల్ అలాంటిది. దెబ్బ చిన్నదైనా తప్పకుండా తగులుతుంది.

మన పేరే పెట్టుకున్న రాక్షసుడు అన్నిటికన్నా మొండి. వాడు ఒప్పుకుంటే తప్ప ఆరో మెట్టు దాకా ఏ మంత్రమూ వాడికి అంటదు. పైవాటికి కూడా రెండు పాచికలు వేస్తాడు. అయిదో మెట్టు మంత్రగాడు ఒంటరిగా వాడినేం చేయలేడు. మంత్రశక్తి ఉన్న కత్తి పట్టిన స్నేహితుడు పక్కన ఉండాలి. నలుగురూ కలిసి ఎందుకు ఆడతారో నాకు ఇక్కడ అర్థమైంది.

తాయెత్తు సంగతి

"మా ఆటలోనూ నీ తాయెత్తు లాంటిది ఉంది పెద్దమ్మా" అన్నాడు వాడు నవ్వుతూ. అది భుజాల మీద కప్పుకునే వస్త్రం. కప్పుకుంటే మంత్రాలకు ఎదురు రెండు పాచికలు వేయొచ్చు. "కానీ గ్యారంటీ ఏమీ లేదు. రెండూ చిన్నవే పడొచ్చు" అన్నాడు.

ఆ మాటే చెల్లెలికి చెప్పాను. తాళం వేసినా, తాయెత్తు కట్టినా గ్యారంటీ లేదు. వాడు ఏం ఆడుతున్నాడో, ఎవరితో ఆడుతున్నాడో మనం చూసుకోవడమే మేలు. మర్నాటి శనివారం పకోడీలు వేసుకుని ఇద్దరం కింది గదిలో కూర్చున్నాం. వినబడిందంతా కూడికలు, తగవులు, నవ్వులు.

మీ పిల్లలు తెలియని ఆటేదైనా మొదలుపెడితే ముందు మీకు నేర్పమనండి. చదువూ నిద్రా చెడుతున్నాయేమో చూడండి. చెడితే వేళలు పెట్టండి. మా చెల్లెలు పెట్టింది: హోంవర్క్ అయ్యాకే ఆట, రాత్రి ఎనిమిదికి ఆపేయాలి.

పుస్తకం బీరువాలోంచి బయటికొచ్చింది. తాయెత్తు మాట నేను మళ్ళీ ఎత్తలేదు.