నాన్న ఎక్కడని అమ్మ అడిగినప్పుడు

పది ఆజ్ఞలలో తొమ్మిదవదానిని సండే స్కూలులో మన పిల్లలచేత కంఠస్థం చేయిస్తాము. అబద్ధమాడితే దండిస్తాము కూడా. అయితే మతిమరుపు జబ్బు సోకిన పెద్దవారు ఇంట్లో ఉంటే, ఆ పిల్లవాడే ఒకనాడు మనల్ని నిలదీస్తాడు: "తాతయ్య చనిపోయాడు గదా, పొలం వెళ్ళాడని నాయనమ్మతో ఎందుకు చెప్పావు?" తేలికగా జవాబు దొరికే ప్రశ్న కాదిది. అందుకే ఈ నెల దీనిని ఎత్తుకున్నాము.

ముందుగా జబ్బు సంగతి. వైద్యులు దీనిని డిమెన్షియా అంటారు. మన ఊళ్ళలో "చాదస్తం", "మతి పోయింది" అని తీసివేస్తారు గాని, వయసుతో అందరికీ వచ్చే మరుపు వేరు, ఈ మెదడు జబ్బు వేరు. ఇందులో ఎక్కువగా కనబడే రకాన్ని 1906లో జర్మనీ వైద్యుడు అలాయిస్ అల్జీమర్ వివరించాడు. ఆయన పేరే దానికి నిలిచింది. మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. అల్జీమర్స్‌లో కొత్త సంగతులను పట్టి ఉంచే మెదడు భాగం ముందుగా దెబ్బ తింటుంది. పెళ్ళినాటి ముచ్చట్లు నిలుస్తాయి, ఈ ఉదయపు సంగతి నిలవదు. కాబట్టి "మీ నాన్న ఇంకా పొలం నుంచి రాలేదేంట్రా?" అని అమ్మ అడిగినప్పుడు, "నాన్న పోయి ఆరేళ్ళయింది గదమ్మా" అని కొడుకు చెబితే, ఆమెకు అది ఇప్పుడే వచ్చిన కబురు. గుండె బాదుకొని ఏడుస్తుంది. గంటకు మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ చెబితే మళ్ళీ ఏడుస్తుంది.

ఎలాగూ మరచిపోతుంది గదా, నష్టమేమి అనుకోవచ్చు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవారు అల్జీమర్స్ రోగులకు దుఃఖం కలిగించే సినిమా దృశ్యాలు చూపి, ఆ పరిశోధనను 2014లో ప్రకటించారు. కొద్దిసేపటికే రోగులు చూచినదానిలో చాలామట్టుకు మరచిపోయారు. దుఃఖం మాత్రం వారిని వెంటనే వదలలేదు.

అలాగని "ఇదిగో వచ్చేస్తాడు, కూర్చో" అనటం కూడా మాకు సమ్మతం కాదు. పాపం, ఆమె చీకటి పడేదాకా గుమ్మంలోనే కూర్చుంటుంది. అసలు ఆమె దేని కోసం అడుగుతున్నదో వినాలి. సందెవేళ భయం వేసి ఆయనను తలచుకున్నదా? ఆకలి వేసిందా? "నాన్న గుర్తొచ్చాడా అమ్మా? పొలం నుంచి వస్తూ నీకేమి తెచ్చేవాడు?" అంటే అందులో అబద్ధం లేదు, దెబ్బా లేదు. "నాన్న ప్రభువు దగ్గర ఉన్నాడమ్మా" అన్న మాట కొందరు తల్లులకు ఓదార్పు. మరికొందరికి అదే చావు కబురు. ఒకసారి చెప్పి ముఖం చూస్తే తెలుస్తుంది.

"మా ఇంటికి పోతాను" అని సొంత ఇంట్లోనే మూట కట్టుకునేవారూ ఉంటారు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరంలో ఒక వృద్ధాశ్రమంవారు ఇలాంటివారి కొరకు తమ ముంగిట బస్సులు ఆగని బస్‌స్టాపు పెట్టారు. బయలుదేరినవారు అక్కడ కూర్చొని, కాసేపటికి సంగతి మరచి, కాఫీకని పిలిస్తే లోపలికి వస్తారు. దయగల పని అని కొందరు, మోసమేనని కొందరు వాదించారు. మన ఊళ్ళో అంత ఏర్పాటు అక్కరలేదు. చెయ్యి పట్టుకొని వీధి చివరిదాకా నడిపించి తీసుకువస్తే చాలాసార్లు సరిపోతుంది. బ్రిటన్‌లో మెంటల్ హెల్త్ ఫౌండేషన్ అనే సంస్థ 2016లో ఈ విషయం మీదనే నివేదిక ఇచ్చింది. సత్యానికి వీలైనంత దగ్గరగా మొదలుపెట్టాలి, అది అనవసరంగా బాధపెడితేనే వేరే దారి చూడాలి అని దాని సారాంశం. మాకూ అదే సబబు అనిపిస్తుంది.

పెరుగన్నంలో మాత్ర నూరి కలిపేవారికి ఒక మాట. కొన్ని మాత్రలు నూరకూడదు. నూరితే మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. డాక్టరుగారిని అడగకుండా ఆ పని చేయవద్దు.

ఇక రెండవ వైపు. "కోడలు నాకు అన్నం పెట్టలేదు, నా గొలుసు దాచింది" అని పెద్దామె పక్కింటివారితో చెబుతుంది. అది అబద్ధ సాక్ష్యం కాదు; తిన్న సంగతి ఆమె మెదడులో నిలవలేదు, గొలుసు తానే బియ్యపు డబ్బాలో పెట్టి మరచిపోయింది. ఆ మాట నమ్మి కోడలి మీద గుసగుసలాడే సంఘస్థులకు మాత్రం ఏ జబ్బూ లేదు. రాత్రింబగళ్ళు చాకిరీ చేసేది ఆ కోడలే గదా!

మరొక మోసం గురించి మెత్తగా చెప్పలేము. పింఛను కాగితమని చెప్పి తండ్రిచేత పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించటం. ఓదార్పుకు ఒక మాట దాటవేయటానికీ దీనికీ పోలిక లేదు. ఇందులో ఐదవ ఆజ్ఞ కూడా మీరినట్టే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పుకునే సమయానికి సంగతి గ్రహించి తన మేలుకీడులు ఆలోచించుకోలేని మనిషి చేసిన ఒప్పందం చెల్లదు. ఆస్తి బదలాయించటానికీ ఆ తెలివిడి ఉండాలి.

అందుచేత జబ్బు మొదట్లోనే, పెద్దవారికి సంగతి తెలుస్తున్నప్పుడే, దాని పేరు దాచకుండా వారితో చెప్పటం మంచిది. పొలం ఎవరికి, డబ్బు ఎవరి చేతిలో ఉండాలి, మంచాన పడితే ఎవరి దగ్గర ఉంటారు అన్నవి వారే చెప్పగలుగుతారు. అప్పుడు దాచిపెట్టి, తరువాత వారి పేరున మనమే నిర్ణయించే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. పెద్దవారి విషయంలో సలహాకు 14567 అనే ప్రభుత్వ ఎల్డర్‌లైన్ నంబరు ఉన్నది. ఫోను చేయటానికి ఖర్చు లేదు.