లాకింగ్ డిఫరెన్షియల్

లాకింగ్ డిఫరెన్షియల్ అనగా మోటారు వాహనములో ఒకే యాక్సిల్‌పై గల ఎడమ, కుడి చక్రములను అవసరమైనప్పుడు కలిపి బంధించి, ఒకే వేగముతో తిప్పగల డిఫరెన్షియల్. వాడుకలో దీనిని డిఫరెన్షియల్ లాక్ అంటారు. ట్రాక్టర్లలోను, టిప్పర్లలోను, ఫోర్ వీల్ డ్రైవ్ వాహనములలోను ఇది కనిపించును. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తీరము వంటి చోట్ల ఒకే వాహనము జాతీయ రహదారిపైన, ఇసుక దారులలోను ప్రతిదినము నడువవలసి ఉండుట వలన దీని ఎంపికలో జాగ్రత్త అవసరము. పెద్ద టైర్లు వేసిన పికప్ ట్రక్కుల విషయములో ఈ జాగ్రత్త మరింత ముఖ్యము.

పనిచేయు విధానము

వాహనము మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము లోపలి చక్రము కంటె ఎక్కువ దూరము పోవలెను. రెండు చక్రములు వేర్వేరు వేగములతో తిరుగుటకు డిఫరెన్షియల్ వీలు కల్పించును. అయితే సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రములకు ఎల్లప్పుడు సమానమైన టార్క్‌ను, అనగా త్రిప్పుబలమును, మాత్రమే అందించును. ఒక చక్రము బురదలో జారినచో, ఆ చక్రము తీసుకొనగలిగినంత స్వల్ప బలమే గట్టి నేలపై ఉన్న రెండవ చక్రమునకు కూడ అందును.

ఉదాహరణకు ఒక చక్రమునకు 3000 న్యూటన్ల పట్టు, రెండవదానికి 200 న్యూటన్ల పట్టు మాత్రమే ఉన్నచో, సాధారణ డిఫరెన్షియల్‌తో వాహనమునకు లభించు లాగుడు బలము సుమారు 400 న్యూటన్లు. లాక్ వేసినచో అది సుమారు 3200 న్యూటన్లకు పెరుగును. రెండు చక్రములకు సమానమైన పట్టు ఉన్నచో లాక్ వలన కలుగు లాభము స్వల్పము.

రకములు

* వెల్డింగ్ లేదా స్పూల్: రెండు చక్రములు శాశ్వతముగా కలిసిపోవును. తారు రోడ్డు మలుపులలో టైర్లు ఈడ్చుకొని అరిగిపోవును, యాక్సిల్ షాఫ్టులపై ఒత్తిడి పడును. నిత్యము నడుపు వాహనమునకు ఇది తగదు.
* ఆటోమేటిక్ లాకర్: సాధారణముగా బంధింపబడి ఉండి, మలుపులో వెలుపలి చక్రమును వదలును. డెట్రాయిట్ లాకర్ ఈ కోవకు చెందినది. మలుపులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదలినప్పుడు వాహనము నడక మారును. తడి రోడ్డుపై వెనుక భాగము ప్రక్కకు జారు ప్రమాదము కలదు.
* మీట లేదా స్విచ్‌తో వేయు లాక్: గాలి పీడనముతో, విద్యుత్తుతో లేదా కేబుల్‌తో పనిచేయును. లాక్ వేయనప్పుడు ఇది సాధారణ డిఫరెన్షియలే. ఆస్ట్రేలియాకు చెందిన ఏ.ఆర్.బి. వారి ఎయిర్ లాకర్ గాలితో పనిచేయు రకము. ట్రాక్టర్లలో ఈ పనికి పెడల్ ఉండును.
* యాంత్రిక స్వయంచాలక లాక్: ఈటన్ సంస్థ రూపొందించిన రకములో రెండు చక్రముల వేగముల మధ్య తేడా నిమిషమునకు సుమారు 100 చుట్లు దాటినప్పుడు లాక్ పడును. గంటకు సుమారు 30 కి.మీ. మించిన వేగములో ఇది పడదు.

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ జారుడును తగ్గించును గాని చక్రములను పూర్తిగా బంధించదు. జారు చక్రమునకు బ్రేకు వేయు ఎలక్ట్రానిక్ పద్ధతి కూడ కలదు. ఎక్కువసేపు వాడినచో దీనిలో బ్రేకులు వేడెక్కును.

ఉద్దానం నేలలు, దారులు

ఉద్యానవనము అను మాట నుండి పేరు పొందిన ఉద్దానంలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలముల ప్రాంతములు ఉన్నవి. ఇది కొబ్బరి, జీడి, పనస తోటలకు ప్రసిద్ధి. తోటల మధ్య దారులు చాలావరకు ఇసుక నేలలు. టెక్కలి, పలాస-కాశీబుగ్గల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోవును. 2010కి పూర్వము దీని సంఖ్య 5.

ఈ ప్రాంతములో మూడు రకముల నేలలు ఎదురగును. మొదటిది తీరమందలి పొడి ఇసుక. ఇక్కడ రెండు చక్రములు ఇంచుమించు సమానముగా దిగబడును. కనుక లాక్ కంటె టైర్లలో గాలి తగ్గించుటయే ఎక్కువ మేలు చేయును. గాలి తగ్గించినచో టైరు నేలను తాకు భాగము పెరిగి వాహనము ఇసుకపై తేలును. రెండవది వానాకాలపు పొలము గట్లు, బురద దారులు. ఇక్కడ ఒక చక్రము బురదలోను, ఒకటి గట్టి నేలపైన ఉండును. లాక్ అసలు ప్రయోజనము ఇట్టి చోటనే. మూడవది టెక్కలి పరిసరములలోని గ్రానైట్ క్వారీల రాతి దారులు. గుంటలలో ఒక చక్రము గాలిలోకి లేచినప్పుడు లాక్ లేని వాహనము నిలిచిపోవును.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. తోటలలో కొబ్బరి, జీడి చెట్లు పెద్ద ఎత్తున కూలినవి, దారులు మూసుకుపోయినవి. అట్టి సమయములలో బురద దారి దాటగల వాహనము విలువ తెలియును. అయితే సంవత్సరములో అధిక దినములు అదే వాహనము జీడిపిక్కలు, కొబ్బరికాయలు వేసుకొని తారు రోడ్డుపైననే నడుచును.

పెద్ద టైర్ల ప్రభావము

265/65 ఆర్ 17 టైరు వ్యాసము సుమారు 776 మి.మీ.; 285/70 ఆర్ 17 టైరుది సుమారు 831 మి.మీ. అనగా 7 శాతము ఎక్కువ. దీని వలన:

* 4.10 యాక్సిల్ గేరు నిష్పత్తి 3.83తో సమానమగును. బరువుతో ఎత్తు ఎక్కుట కష్టమగును.
* స్పీడోమీటరు 60 కి.మీ. చూపినప్పుడు నిజ వేగము సుమారు 64 కి.మీ. ఉండును.
* అదే లాగుడు బలమునకు యాక్సిల్ షాఫ్టు 7 శాతము ఎక్కువ టార్క్ మోయవలెను.

సాధారణ డిఫరెన్షియల్‌లో ఒక్కొక్క షాఫ్టునకు సగము టార్క్ మాత్రమే చేరును. లాక్ వేసినప్పుడు దాదాపు మొత్తము ఒకే షాఫ్టుపై పడవచ్చును. కనుక పెద్ద టైర్లు, లాక్ రెండూ కలిసినప్పుడు షాఫ్టులు విరుగు అవకాశము పెరుగును.

ఎంపిక

నిత్యము రోడ్డుపై నడిచి, అప్పుడప్పుడు ఇసుకలోనో బురదలోనో దిగు వాహనమునకు వెనుక యాక్సిల్‌పై స్విచ్‌తో వేయు లాక్ అనుకూలము. స్విచ్ మరచిపోవు డ్రైవర్లు మారుచుండు వాహనమునకు వేగము పెరిగినచో పడని యాంత్రిక రకము మేలు. ముందు యాక్సిల్ లాక్ వేసినప్పుడు స్టీరింగు బిగుసుకొనును గనుక అది రాతి దారుల వంటి నెమ్మది ప్రయాణములకే పరిమితము. ఇసుక దారి మాత్రమే ఎదురగు వారికి టైరు గాలి కొలుచు గేజి, గాలి నింపు కంప్రెసరు తక్కువ ఖర్చుతో ఎక్కువ ఉపయోగము ఇచ్చును.

మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము, నమోదు పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడ దీనిని ధ్రువపరచినది. కనుక కర్మాగారము నుండియే లాక్‌తో వచ్చు వాహనమును కొనుట సులభ మార్గము. ఫోర్స్ గూర్ఖాలో రెండు యాక్సిళ్లకు, 2022లో భారతదేశమున విడుదలైన టయోటా హైలక్స్ పికప్‌లో వెనుక యాక్సిల్‌కు లాక్ కలదు.

వాడకములో జాగ్రత్తలు

చక్రము వేగముగా జారుచున్నప్పుడు లాక్ వేయరాదు; వాహనమును ఆపి లేదా చాల నెమ్మదిగా ఉన్నప్పుడు వేయవలెను. గట్టి నేల చేరిన వెంటనే తీసివేయవలెను. లాక్ వేసి తారు రోడ్డు మలుపు తిప్పినచో వాహనము తిన్నగా పోవ చూచును. ఇసుకలో తగ్గించిన గాలిని రహదారి ఎక్కుటకు ముందు తిరిగి నింపవలెను. లేనిచో వేగములో టైరు వేడెక్కి పగులవచ్చును.