ఉష్ణచిత్ర యంత్రము: దాని చిక్కులు, పరిష్కారములు

విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు కోయంబత్తూరు, మధుర ప్రాంతముల నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించి జీవించినవి. కాలక్రమమున వారిలో కొందరు యంత్రపరిశ్రమకు మరలిరి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు కోయంబత్తూరున లక్ష్మీ మిల్లులను స్థాపించిరి. 1937లో జి. డి. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును కలిసి మన దేశపు తొలి విద్యుత్ మోటారును నిర్మించిరని ప్రసిద్ధి. నేడు ఆ నగరపు మిల్లులలోను, మోటారు, పంపుల కర్మాగారములలోను పనిచేయువారి చేతికి మరియొక పనిముట్టు వచ్చినది. అదియే చేతితో పట్టి చూచు ఉష్ణచిత్ర కెమెరా. దానితోడి పుస్తకము తరచుగా ఆంగ్లమున నుండును. ఇంట తెలుగు మాటలాడి, బడిలో తమిళము చదివిన పనివానికి అది సులభముగా నందదు. అందుచే ఈ వ్యాసము.

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిలో ఎరుపునకు ఆవల కంటికి కానరాని వేడి కిరణములు కలవని కనుగొనెను. వీనినే పరారుణ కిరణము లందురు. ప్రతి వస్తువును తన వేడిమిని బట్టి వీనిని వెలువరించును. మన కెమెరా సాధారణముగా 8 మొదలు 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యము గల కిరణములను గ్రహించి, వానినుండి ఉష్ణోగ్రతను లెక్కగట్టును. ఆ లెక్కకు మన మిచ్చు అంకె తప్పైనచో ఫలితమును తప్పగును. యంత్రము చెడినదని తలచునపుడు ముందుగా ఈ లెక్కను పరీక్షింపవలెను.

మొదటి చిక్కు మెరయు లోహము. కిరణములను వెలువరించు శక్తిని ఉద్గారత యందురు. రంగు పూసిన తలమునకు ఇది సుమారు 0.9, మెరుగుపెట్టిన రాగికి 0.05 ప్రాంతము. 30 డిగ్రీల గదిలో 100 డిగ్రీల వేడిమి గల మెరుగు రాగిపట్టీని, ఉద్గారత 0.95గా నుంచి చూచినచో, లెక్క ప్రకారము కెమెరా 35 డిగ్రీల సమీపమున చూపును. దూది ధూళి యెగురు మిల్లులో ఈ తప్పు అగ్నిప్రమాదమునకు దారితీయవచ్చును. విద్యుత్తును పూర్తిగా నిలిపి, అర్హుడైన ఎలక్ట్రీషియను చేత ఆ పట్టీపై నల్లని ఇన్సులేషన్ టేపు ముక్క నంటింపవలెను. మరల ప్రవాహము వచ్చిన పిమ్మట ఆ ముక్కనే చూడవలెను. విద్యుత్తు పారుచున్న భాగమును ఎన్నడును తాకరాదు. మెరయు తలమున చూచువాని దేహపు వేడియే ప్రతిఫలించి వేడిచుక్కవలె తోచుటయు కలదు. ప్రక్కకు జరిగినపుడు ఆ చుక్కయు జరిగినచో అది ప్రతిఫలనమే.

రెండవది దూరము. అడ్డముగా 160 బిందువులును, 57 డిగ్రీల దృష్టికోణమును గల కెమెరాలో ఒక్కొక్క బిందువు మీటరు దూరమున సుమారు 7 మిల్లీమీటర్ల మేర చూచును. నమ్మదగిన కొలతకు మూడు బిందువుల వెడల్పైనను కావలెను. అనగా మూడు మీటర్ల దూరమున 6 సెంటీమీటర్ల కంటె చిన్నదైన బోల్టు వేడి, చుట్టునున్న చల్లదనముతో కలిసి తక్కువగా కనబడును. భద్రత యనుమతించినంత దగ్గరకు పోవలెను. లేనిచో దూరమునకు తగిన కటకము వాడవలెను.

మూడవది భారము. వదులైన అతుకునందు పుట్టు వేడి ప్రవాహపు వర్గమును బట్టి యుండును. ప్రవాహము సగమైనచో వేడి నాలుగవ వంతగును. యంత్రములు నిలిచిన ఆదివారమున తీసిన చిత్రము మంచిదని నిశ్చింతగా నుండరాదు.

నాలుగవది అడ్డు. సాధారణ గాజు ఈ కిరణములకు గోడవంటిది. ప్యానెల్ అద్దము గుండ చూచిన, అద్దపు వేడియే కనబడును.

ఐదవది రంగులు. కెమెరా తనంతట తానే రంగులను పంచుకొను అమరికలో, 32 డిగ్రీలే యున్నను ఆ దృశ్యములో అదియే హెచ్చైనచో ఎఱ్ఱగా చూపును. కావున రంగును గాక అంకెను చూచి, పోల్చు చిత్రములన్నిటికిని ఒకే కొలబద్ద నుంచవలెను.

ఇక యంత్రమునకే సంబంధించినవి. అప్పుడప్పుడు చిన్న శబ్దముతో చిత్రము క్షణకాలము నిలుచుట దోషము కాదు; లోపలి మూత మూసికొని కెమెరా తన్ను తాను సరిదిద్దుకొనుచున్నది. చల్లని గదినుండి వేడి తేమ గల నూలుశాలకు వచ్చినచో కటకముపై ఆవిరి పట్టును. అంకెలును నిలకడగా నుండవు. పది, పదునైదు నిమిషములు ఆగవలెను. కటకమును మెత్తని పొడిగుడ్డతోనే తుడువవలెను. సూర్యునివైపు త్రిప్పరాదు.

మధురలోని తిరుమల నాయకుని మహలు 1636 నాటిది. అట్టి పాత సున్నపు గోడలున్న యిండ్లను పరీక్షించువారికి మరియొక హెచ్చరిక. తేమ ఆరుచున్న చోటు చల్లగా కనబడును గాని, నీడయు, గాలియు అట్లే చూపవచ్చును. తేమకొలత పరికరముతో నిర్ధారింపక గోడను పగులగొట్టరాదు.

ఇన్ని చూచినను అనుమానము తీరనిచో, నలిపిన మంచును నీటిలో బాగుగా కలిపి, ఉద్గారత 0.96గా నుంచి కొంచెము దగ్గరనుండి చూడవలెను. సున్నకు ఇటునటు రెండు డిగ్రీలలోపున చూపినచో ఆ వేడిమికడ కొలత సరియే యని చెప్పవచ్చును. అంతకు మించినచో యంత్రమును తయారుదారుల సేవాకేంద్రమునకు పంపుట మేలు.

మోటారు మన నోట తెలుగు మాట యైనట్లే ఉద్గారత, ప్రతిఫలనము, భారము అను మాటలును మన పనివారి నోట నలుగవలెను. అర్థము తెలిసిన మాట చేతిలోని పనిముట్టును దిద్దును. మన సంఘమువారు ఇట్టి వ్యాసములను చిన్న పుస్తకములుగా అచ్చొత్తించి మిల్లులకు పంపిన, భాషకును ప్రాణములకును మేలు కలుగును.