ఎక్కినచోటనే దించు బండి

భూగర్భమున మెట్రోరైళ్లు పరుగిడుచుండగా, వియన్నా నగరమధ్యమున స్టెఫాన్ మహాదేవాలయపు ఉత్తరకుడ్యము ప్రక్కన, రాళ్లు పఱచిన నేలమీద, రెండేసి గుఱ్ఱములను పూన్చిన ఫియాకరు బండ్లు నేటికిని బారులు తీరి బేరమునకై నిలిచియుండును. గుఱ్ఱముల కన్నులకు ప్రక్కచూపు తగులకుండ తోలు గంతలు. లద్దె వీథిపాలు కాకుండ వాని వెనుక వ్రేలాడుచు ఒక సంచి. ముందరి ఎత్తుపీటమీద నల్లని గుండ్రటోపీతో సారథి.

ఈ వృత్తికి తొలి లైసెన్సు 1693లో ఇయ్యబడినది. ఆనాడవి నిజముగ జనులను గమ్యములకు చేర్చిన బండ్లే. చలికాలమున సారథులు ఒకచేత పగ్గములు విడువకయే మఱొకచేత త్రాగుచుండిరని చెప్పుకొను కాఫీ, ఒంటిగుఱ్ఱపు బండి పేరుతోనే, గాజుగ్లాసులో, వేడి చల్లారనీయని చిలికిన మీగడ కప్పుతో, అచటి కాఫీశాలలలో ఇప్పటికిని లభించును. ఆస్ట్రియా యువరాజు రుడోల్ఫునకు ప్రీతిపాత్రుడైన సారథి బ్రాట్‌ఫిష్ పాటయందును, ఈలయందును దిట్ట. 1889 జనవరిలో యువరాజు ప్రియురాలు మేరీ వెత్సెరాను మాయర్లింగ్ వేటమందిరమునకు కొనిపోయినవాడతడే. ఆ ప్రేయసీప్రియులిరువురును అచటనే మృతులైరి. రాజగృహ రహస్యములు చరిత్రకారులకంటె ముందుగ బండివాండ్రకు తెలియుట ఒక్క వియన్నాకే చెల్లిన విశేషము కాదు గదా!

మన జట్కా ఏల పోయినది, ఈ ఫియాకరు ఏల మిగిలినది? జట్కా స్టేషనునుండి ఇంటికి చేర్చెడిది. ఆ పనినే రిక్షాయు, ఆటోయు చేయనేర్చినంతనే దానికి కాలము చెల్లినది. ఫియాకరు అన్ననో, ఎవ్వరిని ఎచటికిని చేర్చు పూచీయే మానుకొన్నది. హోఫ్‌బుర్గ్ రాజప్రాసాదమును, పాతవీథులను చూపి, యాత్రికులను మరల ఎక్కినచోటనే దించును. పని పోయిన తరువాత షోకు మిగిలినది. ఆ షోకును కనిపెట్టుకొని శాసనము నిలిచినది.

ఉష్ణమానము 35 డిగ్రీలు చేరినచో పని చాలించి గుఱ్ఱములను శాలకు మరలింపవలెనని 2016లో నియమమేర్పడినది. అది చాలదు, 30 డిగ్రీలకే నిలుపవలెనని జంతుహితైషులు కొందఱును, బండ్లనే నిషేధింపవలెనని మఱికొందఱును వాదించుచున్నారు. ఈ నియమమే బెజవాడ జట్కాలకు వర్తించియున్నచో, గుఱ్ఱము వేసవియంతయు శాలలోనే సుఖించియుండును, జట్కాసాయిబు పస్తుండియుండును. గుఱ్ఱముపై దయ చూపుట ధర్మమే. ఆ దయకగు వెల నొక్క బండివానినెత్తిననే వేయుట మాత్రము నాకు సమ్మతము కాదు.

బొంబాయి మఱొక దారి త్రొక్కినది. అచటి విక్టోరియా గుఱ్ఱపు బండ్లు చట్టవిరుద్ధములని 2015లో హైకోర్టు తీర్పు చెప్పగా, 2021లో అదే ఆకారమున విద్యుత్తుతో నడచు బండ్లు వీథులకు వచ్చినవి. గుఱ్ఱమునకు విముక్తి లభించినందులకు సంతోషమే. కాని, చుట్టితిరిగి వచ్చుటకే యైన విహారమునకు గుఱ్ఱమైనను లేని గుఱ్ఱపు బండి యేల? సముద్రతీరమున కాలినడకయే మేలని నా పక్షము.